అంగుళానికి పన్నెండు కుట్లు

చింతలమెరక మేజిస్ట్రేటు కోర్టులో సత్తి భద్రిరెడ్డి గారు ముప్పై ఒక్క ఏళ్లుగా వకీలు. ఇన్నేళ్లలో ఆయన పట్టిన కేసుల్లోకెల్లా తేలికైనది షేక్ మీరాబీ పిటిషను. గట్టిగా అయిదు నిమిషాల పని. జూలై పదకొండున ఆయన పిటిషను వేశారు, సర్కారు వకీలు మాకేం అభ్యంతరం లేదన్నాడు, మేజిస్ట్రేటు గారు ఫైలు అటూ ఇటూ తిరగేసి, "సోమవారం ఆర్డరు ఇచ్చేద్దాం లెండి" అన్నారు. ఆ సోమవారం రావడానికి సరిగ్గా ఒక్క రోజు ముందు, రాష్ట్రంలోని వకీళ్లందరి చదువూ పాతబడిపోయిందని ప్రభుత్వం వారు కనిపెట్టారు.

ముందు పిటిషను సంగతి చెప్పుకుందాం. మీరాబీ దర్జీ. కోర్టు వీధిలో సోడాల బండికీ అరటిపళ్ల బండికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆమె కొట్టు. మే నెల ఎండల్లో, వేపచెట్టు నీడ ఎవరి బండి మీద ఎంతసేపు ఉండాలన్న విషయమై సోడాల వెంకటరత్నమూ అరటిపళ్ల గంగరాజూ కలియబడ్డారు. గంగరాజు తోశాడు. వెంకటరత్నం తూలి మీరాబీ కొట్టులో పడ్డాడు. కుట్టుమిషను తగిలి నుదురు చిట్లింది. పోలీసులు వచ్చి అందరినీ విచారించి, అందరినీ వదిలేసి, మిషనును పట్టుకుపోయారు. పంచనామాలో దానిని "నేరమునకు వినియోగింపబడిన బరువైన ఇనుప వస్తువు" అని రాశారు. వారం తిరక్కుండానే కొట్టినవాడూ కొట్టించుకున్నవాడూ రాజీపడి ఒకే సీసా సోడా చెరిసగం తాగారు. మిషను మాత్రం కోర్టు ప్రాపర్టీ గదిలో, రెండు నాటుసారా డబ్బాల మధ్య, మెడలో నంబరు చీటీతో కూర్చుండిపోయింది.

ఇంకో మిషను తెచ్చుకుంటే పోయేదిగా అని ఎవరైనా అనవచ్చు. మీరాబీకి నాలుగో ఏట ఎడమకాలు చచ్చుబడింది. వాళ్ల నాన్న మౌలాసాహెబు కమ్మరి కొలిమి దగ్గర నెల్లాళ్లు కూర్చుని, కుడికాలు ఒక్కటే తొక్కితే తిరిగేలాగా ఆ మిషను పెడలు మార్పించాడు. కూతురు ఎవరి దయ మీదా బతకకూడదని ఆయన చేసిన పని అది. ఆ మిషను మీద తప్ప ఆమెకు పని సాగదు. పైగా ఆగస్టు పదిహేను కవాతుకు బాలికల హైస్కూలు వాళ్ల ఎనభై జతల డ్రెస్సులు కుట్టి ఇస్తానని ఒప్పుకుంది. అవి వేళకు అందితే ఏటా స్కూలు యూనిఫారాలన్నీ నీకేనని హెడ్మిస్ట్రెస్ గారు మాట ఇచ్చారు. స్కూలు వాళ్లిచ్చిన గుడ్డ తాను ఇంట్లో నులకమంచం మీద అలాగే పడి ఉంది.

చింతలమెరక బారులో ఉన్నవాళ్లు ముప్పై ఏడుగురు వకీళ్లు. ఆ ముప్పై ఏడు నల్లగౌన్లూ ఆ మిషను మీద కుట్టినవే. కాబట్టి ఫీజు మాట ఎత్తకుండా భద్రిరెడ్డి గారు ఈ పిటిషను నెత్తిన వేసుకున్నారు.

సోమవారం పదిన్నరకు బంట్రోతు ఏసుపాదం కోర్టు గుమ్మంలో నిలబడి, వరండా కేసి తిరిగి, ఆనవాయితీ ప్రకారం "షేక్ మీరాబీ" అని మూడుసార్లు కేక వేశాడు. చేతికర్ర పొడుచుకుంటూ ఆమె వచ్చి నిలబడింది. భద్రిరెడ్డి గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"ఆగండి, ఆగండి!" అన్నారు మేజిస్ట్రేటు గారు కంగారుగా. "మీకు పట్టీ ఉందా?"

"ఏ పట్టీ అండి?"

మేజిస్ట్రేటు గారు ఒక కాగితం అందించారు. పైన "రాష్ట్ర న్యాయ తాజాకరణ మండలి, సర్క్యులరు నం. 1" అని ఉంది. కింద ఇలా ఉంది:

"చట్టములు నానాటికి నూతనత్వమును సంతరించుకొనుచుండగా, న్యాయవాదులు మాత్రము చదివిననాటి చదువుతోనే కాలక్షేపము చేయుచున్నట్లు ప్రభుత్వమువారి దృష్టికి వచ్చియున్నది. కావున ఇకమీదట రాష్ట్రమునందలి తాజా న్యాయ పరిణామములను ఆకళింపు చేసుకొనిన న్యాయవాది మాత్రమే కోర్టునందు నోరు విప్పవలెను. అట్లు ఆకళింపు చేసుకొనినందులకు గుర్తుగా గౌను ఎడమ భుజముపై అంగుళము వెడల్పు గల పసుపుపచ్చ పట్టీ కుట్టబడి ఉండవలెను. పట్టీ లేని నోటినుండి వెలువడిన మాట రికార్డునకు ఎక్కదు."

"ఆర్డరు రాసి పెట్టుకున్నాను, భద్రిరెడ్డి గారూ" అన్నారు మేజిస్ట్రేటు గారు, టేబులు మీది కాగితం చూపిస్తూ. మంచి మనిషి, కొత్తగా వచ్చిన ఉద్యోగం. "పిటిషను ప్రకారం ఆర్డరు ఇప్పించండి అని మీరు ఒక్క మాట అంటే సంతకం పెట్టేస్తాను. కానీ ఇప్పుడు మీరు అన్నా నాకు వినపడకూడదు."

బయటికి వచ్చాక మీరాబీ అడిగింది. "ఏటండీ బాబూ, ఇవ్వనన్నారా?"

"ఇస్తామనే అన్నారమ్మా. మూడు రోజులు నేను బడికెళ్లి రావాలట."

బడి అంటే నిజంగా బడే. ఊరి చివర పెళ్లిళ్లకు కట్టిన ఏసీ హాల్లో మూడు రోజుల తరగతులు పెట్టారు. వేదిక మీద మొన్నటి పెళ్లి పూలు ఇంకా వాడలేదు. వధూవరుల సింహాసనం మీద మండలి వారి జిల్లా తాజాకరణాధికారి చామర్తి విద్యాధరం గారు కూర్చున్నారు. ఎదురుగా ముప్పై ఏడుగురు వకీళ్లు, వాళ్లలో ఇద్దరికి బైపాసు అయింది, ఒకాయనకు వినికిడి యంత్రం, నోటు పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు.

"మిత్రులారా!" అన్నారు విద్యాధరం గారు. "గడచిన పన్నెండు మాసములలో మన రాష్ట్రమునందు నూట పన్నెండు న్యాయ పరిణామములు సంభవించినవి. తమలో ఎందరు వీనిని గమనించియున్నారు?"

ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

"చూచితిరా! అందుచేతనే ఈ మండలి. ఆ నూట పన్నెండింటిలో నూట ఏడు మా మండలి స్థాపనకు, సిబ్బందికి, వాహనములకు, లెటరుహెడ్డుకు సంబంధించినవి."

భద్రిరెడ్డి గారు లేచారు. "మిగతా అయిదూ దేని గురించండి?"

"అవి రద్దయినవి" అన్నారు విద్యాధరం గారు. ఒక్క క్షణం ఆలోచించి, "మంచి ప్రశ్న. రద్దు కూడ పరిణామమే గదా. కావున అందరును నూట పదిహేడు అని దిద్దుకొనగోరెదను" అన్నారు.

ముప్పై ఏడుగురూ దిద్దుకున్నారు.

భద్రిరెడ్డి గారు ఆ మూడు రోజులూ బుద్ధిగా చదివారు. సొంత పెళ్లిరోజు ఏటా మర్చిపోయి భార్య చేత చివాట్లు తినే మనిషి, మండలి లెటరుహెడ్డు మీద చిహ్నం ఎడమ నుంచి కుడికి మారిన తేదీ, కుడి నుంచి మధ్యకు మారిన తేదీ కంఠతా పట్టారు. భోజనం చేస్తూ కూడా వాటినే వల్లించారు. పరీక్షలో నూటికి తొంభై ఆరు వచ్చాయి. మండలి వాహనాల సంఖ్య తప్పు రాసినందుకు నాలుగు పోయాయి. ఆయన రాసినప్పుడు అది సరైన సంఖ్యే గాని, దిద్దేసరికి ఇంకో రెండు వాహనాలు వచ్చాయి.

గురువారం సాయంత్రం పట్టీ చేతికి వచ్చింది. పసుపుపచ్చ, అంగుళం వెడల్పు. గౌను భుజాన వేసుకుని నేరుగా మీరాబీ ఇంటికి వెళ్లారు.

"మిషనెక్కడుందండీ బాబూ కుట్టడానికి?" అంది ఆమె. అయినా సూది తీసి, కిటికీ దగ్గర కూర్చుని, మిషను కుట్టుకు ఏమాత్రం తీసిపోకుండా చేత్తోనే కుట్టి ఇచ్చింది. ఆ పనితనానికి భద్రిరెడ్డి గారు ముచ్చటపడిపోయారు.

విద్యాధరం గారు ముచ్చటపడలేదు. ఆయన ఆఫీసు కోర్టు ఆవరణలోనే, బారు లైబ్రరీ గదిలో పెట్టారు. పాత పుస్తకాలు చదివితే పాత చట్టం తలకెక్కుతుందని లైబ్రరీ బీరువాలన్నీ వరండాలోకి గెంటించారు. శుక్రవారం ఉదయం ఆయన భూతద్దం పెట్టి పట్టీని ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు.

"ఇది చేతికుట్టు" అన్నారు.

"అవునండి."

"పొరుగు జిల్లాలో కొందరు ప్రబుద్ధులు పట్టీలను గుండుసూదులతో గుచ్చుకొని, ఒకరిది ఒకరు మార్చుకొని వాడుచున్నట్లు తెలియవచ్చినది. అందువలన నిన్ననే నాలుగవ సర్క్యులరు జారీ అయినది. పట్టీని అంగుళమునకు పన్నెండు కుట్లు చొప్పున, గౌను కుట్టిన దర్జీయే, గౌను కుట్టిన యంత్రముపైననే కుట్టవలెను."

"ఆ యంత్రం ఇక్కడే కోర్టు కస్టడీలో ఉందండి."

"ముదావహము. భద్రముగా ఉన్నదన్నమాట."

"దాన్ని విడిపించాలంటే నేను కోర్టులో మాట్లాడాలి."

"తప్పక మాటలాడుడు."

"మాట్లాడాలంటే పట్టీ ఉండాలి."

"నిస్సందేహముగా."

"పట్టీ కుట్టాలంటే ఆ మిషను బయటికి రావాలి కదండీ!"

విద్యాధరం గారు భూతద్దం కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, తృప్తిగా నవ్వారు. "చూచితిరా భద్రిరెడ్డి గారూ, మా నిబంధనలు ఒకదానినొకటి ఎంత చక్కగా బలపరచుకొనుచున్నవో!"

ఆ రోజు మొదలు చింతలమెరక కోర్టు మూగపోయింది. ఏసుపాదం కేసు పిలుస్తాడు. వకీలు లేచి నిలబడతాడు. ఎదురు వకీలూ లేచి నిలబడతాడు. ఇద్దరూ మేజిస్ట్రేటు గారిని చూస్తారు. ఆయన ఇద్దరినీ చూస్తారు. వాయిదా పడుతుంది. నాలుగో రోజున ఒకాయన తెగించి, బెయిలు కావాలని రెండు చేతులూ జోడించి సైగ చేశాడు. మర్నాడే ఏడో సర్క్యులరు వచ్చింది. సైగలు, తల ఊపుట, కనుబొమలు ఎగురవేయుట, దీర్ఘముగా నిట్టూర్చుట ఇవన్నీ వాదన కిందికే వస్తాయని. వారం తిరిగేసరికి, గదిలో గోల బాగా తగ్గిందని మండలి వారు ఈ కోర్టుకు ప్రశాంతతా కవచం అనే షీల్డు ఒకటి బహూకరించారు. దానిని పుచ్చుకుంటూ మేజిస్ట్రేటు గారు నాలుగు మాటలు చెప్పాలి. ఆయనకూ ఇంకా తాజాకరణ కాలేదు గనుక ఆయనా చెప్పలేదు.

మీరాబీ రోజూ వచ్చి కోర్టు అరుగు మీద కూర్చునేది. ప్రాపర్టీ గది కిటికీ ఊచల్లోంచి మిషను కనిపిస్తుంది. దాని మీద దుమ్ము పడుతుంటే ఆమె ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు భద్రిరెడ్డి గారితో చెప్పకుండానే కర్ర పొడుచుకుంటూ లోపలికి వెళ్లి, మేజిస్ట్రేటు గారి ఎదుట నిలబడింది.

"అయ్యగారండీ, నాకు చట్టాలేం తెలీవండి. ఆ మిషను నాదండి. మా నాన్న చేయించిందండి. నాది నాకిప్పించేయండి బాబూ."

మేజిస్ట్రేటు గారు కలం తీశారు. అంతలో, ఈమధ్య కోర్టులో ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చుంటున్న విద్యాధరం గారు లేచారు.

"స్వయముగా వాదించుకొను కక్షిదారు ఆ మేరకు న్యాయవాదియే. తొమ్మిదవ సర్క్యులరు. న్యాయవాదికి గౌను ఉండవలెను. గౌనుకు పట్టీ ఉండవలెను."

"గౌనే కదండీ? నేనే కుట్టుకుంటానండి" అంది మీరాబీ ఆశగా. "మిషనిప్పించండి మరి."

మేజిస్ట్రేటు గారు కలం మూత పెట్టేశారు. ఆ పూట భద్రిరెడ్డి గారికి అన్నం సహించలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నో కేసులు ఓడిపోయారు, గట్టి కేసులూ ఓడిపోయారు. కానీ ఎవరూ ఎదురు వాదించని కేసు ఓడిపోవడం ఆయనకు కొత్త. సిగ్గుగా ఉంది, మండిపోతోంది కూడా. ఈ మండలి వాళ్ల మాటతోనే వాళ్లను బోల్తా కొట్టించాలని పట్టుదల వచ్చింది.

ఆగస్టు నాలుగున ఆయన కాగితం మీద ఒక విన్నపం రాసి విద్యాధరం గారికి ఇచ్చారు. కోర్టు బయట రాయడానికి ఇంకా పట్టీ అక్కర్లేదు. మిషను కస్టడీలోంచి కదలకూడదు, సరే. దర్జీ కదలకూడదని ఎక్కడా లేదు. దర్జీనే ప్రాపర్టీ గదిలోకి పంపితే వస్తువు ఉన్నచోటనే ఉంటుంది, పట్టీలూ పడతాయి. ఇదీ ఆ విన్నపం. ముందు తన పట్టీ కుట్టించుకుని, మర్నాడే కోర్టులో ఒక్క మాట అని, మిషనును ఇంటికి పంపించేయాలని ఆయన ఎత్తు.

విద్యాధరం గారు రెండుసార్లు చదివి, లేచి వచ్చి భద్రిరెడ్డి గారిని కౌగలించుకున్నారు. "ఇది గదా తాజాదనమనగా! దీనికి 'కస్టడీలో కుట్టు' అని నామకరణము చేయుచున్నాను."

మర్నాడు ప్రాపర్టీ గదికి మామిడాకులు కట్టారు. విద్యాధరం గారు రిబ్బను కత్తిరించారు. ఫొటోగ్రాఫరు నాటుసారా డబ్బాలు కనపడకుండా ఫొటో తీశాడు. మీరాబీకి ఇదేమీ పట్టలేదు. మిషను దగ్గరకు వెళ్లి, పైటచెంగుతో చక్రం తుడిచి, ముందు కూర్చుని, పెడలు మీద కుడికాలు మోపింది. తర్వాత రొంటినున్న నూనెసీసా తీసి చుక్క చుక్కగా పోసింది. మిషను ఒకసారి మూలిగి, ఆ వెనక గలగలా తిరిగింది. భద్రిరెడ్డి గారికి కళ్లు చెమర్చాయి.

"ముందు నాది కుట్టమ్మా. రేపు ఈపాటికి నీ మిషను నీ కొట్లో ఉంటుంది."

"అలాగేనండి బాబూ. మీ మాటే చాలండి."

పట్టీ కుట్టింది. అంగుళానికి పన్నెండు, లెక్కపెట్టి మరీ కుట్టింది. భద్రిరెడ్డి గారు గౌను తొడుక్కుని కోర్టు హాల్లోకి దూసుకుపోయారు. మేజిస్ట్రేటు గారి కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన తాజాకరణకు రాజధానికి వెళ్లారు, సోమవారం గాని రారు.

ఈలోగా మండలి ఊరుకుంటుందా? బుధవారం మరో పరిణామం సంభవించింది. పసుపు పట్టీ పక్కన ఆకుపచ్చ పట్టీ కూడా ఉండాలి. ముప్పై ఏడు గౌన్లు మళ్లీ ప్రాపర్టీ గదికి వచ్చాయి. గురువారం పదహారో సర్క్యులరు వచ్చింది. జిల్లాలో ఉన్న కుట్టుమిషన్లన్నింటిలోనూ సాక్షాత్తు న్యాయస్థానం కస్టడీలో ఉన్నది ఇదొక్కటే గనుక, విశ్వసనీయత దృష్ట్యా ఇకమీదట జిల్లాలోని గౌన్లన్నీ దీని మీదనే కుట్టించాలట. శుక్రవారం నుంచి ఆటోల్లో మూటలు మూటలుగా గౌన్లు దిగడం మొదలుపెట్టాయి. ప్రాపర్టీ గది గనుక తలుపు తెరిచి ఉంచకూడదని, ఉదయం మీరాబీని లోపల పెట్టి బయట తాళం వేసి, మధ్యాహ్నం భోజనానికి తీసేవారు. తాళంచెవి విద్యాధరం గారి దగ్గర ఉండేది.

శనివారం నాడు హెడ్మిస్ట్రెస్ గారు మనిషిని పంపారు. పన్నెండో తేదీ సాయంత్రానికి డ్రెస్సులు అందకపోతే గుడ్డ వెనక్కి ఇచ్చేయమని, పట్నంలో కుట్టించుకుంటామని. మీరాబీ కిటికీ ఊచలు పట్టుకుని విద్యాధరం గారిని బతిమాలింది.

"అయ్యా, మీ గౌన్లయ్యాక మజ్జలో ఓ గంట ఆ పిల్లల డ్రెస్సులు కుట్టుకోనివ్వండి. మీ పనేం ఆపనండి."

విద్యాధరం గారు నిర్ఘాంతపోయారు. "న్యాయస్థానపు వస్తువుపైన ప్రైవేటు పనియా! అది దుర్వినియోగము కాదా అమ్మా?"

ఆ రోజే ఇంకో సర్క్యులరు వచ్చింది. పిటిషన్లు కూడా పాతబడతాయట. వేసి నెల నిండిన పిటిషనుకు ఇక వాయిదా ఉండదు. ఆఖరు రోజున మూడుసార్లు పిలిచి, తేలిస్తే తేల్చడం, లేకపోతే కొట్టేయడం. మళ్లీ వేయడానికి వీల్లేదు, ఎందుకంటే ఒకసారి పాతబడినది మళ్లీ తాజా కాదు. మీరాబీ పిటిషనుకు ఆగస్టు పదకొండు ఆఖరు. ఆ రోజు సోమవారం. లిస్టులో మొదటి కేసు అదే.

భద్రిరెడ్డి గారు దీనికి భయపడలేదు. రెండు పట్టీలూ ఉన్నాయి, మేజిస్ట్రేటు గారు వచ్చేశారు, రాసిపెట్టిన ఆర్డరు అలాగే ఉంది. సోమవారం పది గంటలకే గౌను తొడుక్కుని వరండాలో నిలబడి, అనవలసిన వాక్యం మనసులో అనుకుంటున్నారు. పిటిషను ప్రకారం ఆర్డరు ఇప్పించండి. పదీ అయిదుకు విద్యాధరం గారు ఇరవయ్యో సర్క్యులరు నోటీసు బోర్డుకు అంటించారు. ఈ ఉదయం నుంచి నీలం పట్టీ.

భద్రిరెడ్డి గారు ఒక్క పరుగున పట్టీ పుచ్చుకుని, గౌను విప్పి, ప్రాపర్టీ గది కిటికీ ఊచల్లోంచి లోపలికి తోశారు. మీరాబీ గౌన్ల గుట్టల మధ్య తల మాత్రం కనిపిస్తూ కూర్చుని ఉంది.

"అమ్మా, ఇదొక్కటి ముందు కుట్టు. మన కేసే మొదటిది. పదిన్నరకు పిలుస్తారు."

"ఇదిగో, చిటికెలో అయిపోద్దండి" అని ఆమె చేతిలో ఉన్న గౌను పక్కన పడేసింది. దారం మార్చాలి. నీలం దారం గుట్టల అడుగున ఎక్కడో ఉంది. దొరికేసరికి పదీ ఇరవై ఎనిమిది అయింది.

మేజిస్ట్రేటు గారు తాజాకరణ నుంచి సమయపాలన నేర్చుకుని వచ్చారు. సరిగ్గా పదిన్నరకు కుర్చీలో కూర్చున్నారు. ఏసుపాదం గుమ్మంలోకి వెళ్లి వరండా కేసి తిరిగి కేక వేశాడు.

"షేక్ మీరాబీ!"

పక్క గదిలోంచి మిషను గలగలా తిరుగుతున్న చప్పుడు గోడ దాటి హాలంతా వినిపిస్తోంది. దాని జోరు చూస్తే ఆమె ఒంట్లో ఉన్న శక్తంతా ఆ కుడికాలి మీదే పెట్టి తొక్కుతోందని తెలుస్తూనే ఉంది.

"షేక్ మీరాబీ!"

భద్రిరెడ్డి గారు తెల్లచొక్కాతో నిలబడి, గోడకేసి వేలు చూపించారు. విద్యాధరం గారు "సైగ" అని పుస్తకంలో రాసుకున్నారు.

"షేక్ మీరాబీ!" అన్నాడు ఏసుపాదం. మూడోసారి కేక వేయడానికి అతను చాలాసేపు తీసుకున్నాడు.

ఇక భద్రిరెడ్డి గారు ఆగలేకపోయారు. "పక్కగదిలో ఉందండి ఆవిడ! ఈ మండలి వాళ్లే తాళం వేయించారు! అదిగో ఆ చప్పుడు ఆవిడదే! ఆ కుట్టేది నా గౌనే! ఆ మిషను ఆవిడది, ఎవరికీ అభ్యంతరం లేదు, ఆర్డరు మీ టేబులు మీదే ఉంది, ఇప్పించండి బాబూ, పిటిషను ప్రకారం ఆర్డరు ఇప్పించండి!" నెల రోజులుగా మింగుకున్నదంతా ఒక్కసారిగా కక్కేశారు. ముప్పై ఒక్క ఏళ్లలో అంత బాగా ఆయన ఏనాడూ వాదించలేదు. వెనక బెంచీల మీది వకీళ్లలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. మేజిస్ట్రేటు గారు తల వంచుకుని టేబులు కేసి చూస్తున్నారు. స్టెనోగ్రాఫరు అమ్మాయి టైపు మిషను మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఆయన ఆయాసపడుతూ ఆపాక, మేజిస్ట్రేటు గారు తల ఎత్తకుండానే మెల్లగా చెప్పారు. ఆ అమ్మాయి టైపు చేసింది.

"ముమ్మారు పిలువగా పిటిషనరు హాజరు కాలేదు. ఆమె తరఫున ఎవరూ మాట్లాడలేదు. పిటిషను కొట్టివేయడమైనది."

గోడవతల మిషను ఆగింది.

భద్రిరెడ్డి గారు వరండాలోకి వచ్చారు. కిటికీ ఊచల మధ్య నుంచి గౌను అందిస్తోంది మీరాబీ. నుదుటి మీది చెమట కూడా తుడుచుకోలేదు. "అయిపోయిందండి బాబూ. ఏసుకోండి, ఏసుకోండి, ఏళయిపోతంది."

ఆయన వెనకాలే వచ్చిన విద్యాధరం గారు మధ్యలోనే గౌను అందుకుని భూతద్దం తీశారు. పసుపు, ఆకుపచ్చ, నీలం. పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. "పన్నెండు. లోపరహితము" అని, తానే స్వయంగా భద్రిరెడ్డి గారి భుజాలకు గౌను తొడిగారు. "అభినందనలు. ఇక తమరు మాటలాడవచ్చును."

భద్రిరెడ్డి గారు ఏమీ మాట్లాడలేదు.

"నన్ను పిలిచారా అండి, బాబూ?" అంది మీరాబీ, ఊచలకు మొహం ఆనించి. "మిషను జోరులో ఉన్నానండి, చెవినేం పళ్లేదు."

ఆయన ఆమె మొహం చూశారు, ఆమె వెనక ఉన్న మిషనును చూశారు, గౌన్ల గుట్టలను చూశారు.

"లేదమ్మా" అన్నారు. "ఇంకా పిలవలేదు."

మూడు పట్టీలతో ఆయన అన్న మొదటి మాట అది.

"హమ్మయ్య! అయితే ఈలోగా ఇంకోటి కుట్టేస్తానండి" అని మీరాబీ మళ్లీ వెళ్లి మిషను ముందు కూర్చుంది.